సూదంటే పారిపోయిన గురుబారి

టీకాలు వేసే ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఈమధ్య మా అరుగు మీద కూర్చుని ఒకే ప్రశ్న తిప్పి తిప్పి అడుగుతున్నారు. "కొండల మీద, మశూచి ఊళ్ళలో అన్నేళ్ళు తిరిగారు, మీకంత ధైర్యం ఎలా వచ్చిందండీ?" అని. రాలేదు నాయనా అంటే నవ్వుతారు. పెద్దవాళ్ళ వినయం అనుకుంటారు. వినయం నా సరుకు కాదు. మాది దుకాణం ఇల్లు. ఉన్న సరుకుని లేదని, లేని సరుకుని రేపొస్తుందని చెప్పడం మాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. అయినా ఈ ఒక్క విషయంలో నిజమే చెబుతున్నాను. చీకటి పడ్డాక పెరట్లోకి వెళ్ళాలంటే ఇప్పటికీ మా ఆవిడ తోడు రావాలి.

ధైర్యం నాకు లేదు గానీ, దాన్ని దగ్గరగా చూశాను. అదెవరి దగ్గర ఉంటుందో ముందుగా కనిపెట్టడం నా వల్ల కాలేదు, మీ వల్లా కాదు. అందుకే ఇది రాస్తున్నాను. బదిలీల గురించి, పై వాళ్ళకి పంపే కాగితాల గురించి రాయను. అవి మీకూ వస్తాయి, అప్పుడు మీరే తిట్టుకుందురు గాని.

దుకాణం నేర్పింది

శృంగవరపుకోట దగ్గర, కొండ మొదట్లో మా నాన్నకి దుకాణం ఉండేది. ఉప్పు, పొగాకు, బెల్లం. కొండల వాళ్ళు చింతపండు, పిప్పళ్ళు దింపి ఉప్పు మోసుకుపోయేవారు. నేను చిన్నవాణ్ణి. దుకాణం అన్నకి పోయింది. పోకపోయినా నాకు ఇచ్చేవారు కాదు, ఎందుకంటే తక్కెడ నా చేతిలో ఎప్పుడూ కొన్నవాడి వైపే మొగ్గేది. "వీడు మనల్ని దివాలా తీయిస్తాడు, ఏదైనా సర్కారీ ఉద్యోగంలో పడేయండి, అక్కడైతే పోయేది సర్కారు సొమ్ము" అన్నాడు మా నాన్న. అలా ఈ ఉద్యోగంలోకి వచ్చాను.

నాన్న నేర్పింది మాత్రం ఒకటి వెంట వచ్చింది. కొన్నవాడు ఎందుకు కొన్నాడో ఆరా తియ్యకు, మెట్టు దిగి వెళ్ళిపోయినవాడు ఎందుకు వెళ్ళాడో కనుక్కో అనేవాడాయన. టీకా మందు అమ్మడానికి ఇంతకన్నా పనికొచ్చిన చదువు నాకు ఎవరూ చెప్పలేదు. అవును, అమ్మడమే. ఉచితంగా ఇస్తున్నాం కదా అనుకోకండి. ఉచితంగా ఇచ్చేదాన్ని అమ్మడం మరీ కష్టం.

మందు మద్రాసు నుంచి సన్నటి గాజు గొట్టాల్లో వచ్చేది. ఎండ తగిలితే చచ్చిపోయేది. అరటి బోదె తొలిచి, లోపల తడిగుడ్డలో గొట్టాలు చుట్టిపెట్టి, అది భుజాన వేసుకుని అనంతగిరి ఘాటీ ఎక్కి అరకు వైపు నడిచేవాళ్ళం. ఇంతా చేసి పైకి వెళితే ఊళ్ళో కోళ్ళు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. మమ్మల్ని చూసి అడవిలోకి పోయేవారు. గూడెం వైపు పితూరీ అప్పుడే చల్లారింది. ఖాకీ గుడ్డ కనిపిస్తే పోలీసులే అనుకునే రోజులు.

మా ఇన్‌స్పెక్టరు మాత్రం ఖాకీ కోటు తొడుక్కోవాల్సిందే అనేవాడు. మంచివాడే, కానీ అధికారం అంటే గొంతు అనుకునే రకం. రోగం ఉన్న ఊళ్ళకి సామాను మోయించడానికి ఎప్పుడూ ఛాతీ వెడల్పున్న, నోరు పెద్దదైన మనుషుల్ని ఏరేవాడు. ఊరి దారికి అడ్డంగా ఆకుల తోరణం కనిపించగానే, అంటే అమ్మవారు పోసిన ఊరని తెలియగానే, ఆ ఛాతీలన్నీ మాయమయ్యేవి. ఆయనకి మాత్రం మనుషుల్ని ఏరడం చివరిదాకా రాలేదు. కానీ ఆయనే నాకు ఒకటి నేర్పాడు, దానికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. "మణికట్టు గట్టిగా పట్టుకుంటే పారిపోతారు. వదులుగా పట్టుకుంటే పారిపోతారు. పక్కన ఒక మనిషి ఉన్నాడని తెలిసేలా పట్టుకో." ఇది పుస్తకంలో లేదు. రాసి పెట్టుకోండి.

అక్కా చెల్లెలూ

అరకు సంతలో కబురు తెలిసింది, ఎగువ ఊళ్ళలో అమ్మవారు పోస్తోందని. గెడ్డ, అంటే కొండవాగు, దాటితే అవతల ఒక ఊరుంది, ఇంకా అక్కడిదాకా రాలేదన్నారు. కోటు మడిచి మూటలో పెట్టి, మా నాన్న దుకాణంలో కూర్చునే వేషంలో వెళ్ళాను. ఊరిపెద్ద బుద్రన్న తోరణం కట్టడానికి అడ్డతీగ పేనుతున్నాడు.

"ఏటి బావూ, మిగతావోళ్ళు దిగిపోతంటే నివ్వు ఎక్కొత్తన్నావు?"

"సరుకుంది బుద్రన్నా. ఎండకి పాడవకముందే దింపాలి."

"ఆ సూదే గదా. దాన్లో ఏటుంటాది? నిజం సెప్పు."

నిజమే చెప్పాను. "అమ్మవారే ఉంటుంది. కాకపోతే చిన్నది. ఒంటి మీద నాలుగు పొక్కులు పోసి వెళ్ళిపోతుంది. ఇది వచ్చి వెళ్ళిన ఒంటికి అది రాదు."

బుద్రన్న తీగ పేనడం ఆపాడు. "అయితే అక్క రాకండా ముందు సెల్లిని పిలిసి కూకోబెట్టాలంతావు."

ఇంత మంచి మాట నాకు ఎప్పుడూ తట్టలేదు. పట్టుకున్నాను. అవును, చెల్లే అన్నాను. వెంటనే ఆయన షరతులు మొదలుపెట్టాడు. చెల్లి చుట్టమై వచ్చి ఉన్నన్నాళ్ళూ ఊళ్ళో తాలింపు వెయ్యరు. పొక్కు గోకరు. ఊరు దాటరు. సరే, సరే, సరే. చివరికి, చెల్లి కూర్చున్న ఒళ్ళు అక్క వచ్చిన ఇంటి గుమ్మం తొక్కకూడదు. అక్కచెల్లెళ్ళు ఎదురుపడితే పోటీ పడతారు, ఇద్దరూ కలిసి ఊరిని తుడిచేస్తారు. దానికీ సరే అన్నాను. కొనేవాడు పెట్టే షరతుల్లో మనకి ఖర్చు లేనివాటికి వాదించకూడదని మా దుకాణం పద్ధతి.

ఊరంతా వరసగా కూర్చుని చేతులు చాపారు. చంటిపిల్లలు, ముసలివాళ్ళు, పూర్వం అమ్మవారు పోసి ముఖమంతా మచ్చలున్నవాళ్ళు కూడా. వాళ్ళకి అవసరం లేదు, అయినా వేశాను. ఒక్క చెయ్యీ వదలని ఊరు ఒకటుందని మా ఇన్‌స్పెక్టరుకి చెప్పుకోవాలని నా సరదా.

ఒక్కరు మాత్రం దొరకలేదు. గురుబారి అని, నడివయసు ఒంటరి ఆడది. బల్లి కనిపిస్తే బయట పడుకునే మనిషట. నా పెట్టె చూడగానే కంచె దూకి ఇంట్లో అటకెక్కి, నిచ్చెన పైకి లాగేసుకుంది. బుద్రన్న భార్య కింద నిలబడి ఊరంతా వినేలా కేకలేసింది.

"దిగవే ఓలి గురుబారీ! నీ కన్నా నీ కోడిపెట్ట నయం, కదలకండా సూత్తంది!"

"అయితే కోడినే పొడుసుకోమనండి!" అంది అటక.

ఊరంతా నవ్వింది. నేనూ నవ్వి, ఒక్క మనిషే కదా అని వదిలేశాను.

చివరి ఇల్లు

ఎగువన వాన పడి గెడ్డ పొంగింది. దిగలేక అక్కడే ఉండిపోయాను. నా అలికిడి వినిపిస్తే చాలు, గురుబారి మళ్ళీ అటకెక్కేది. చేతుల మీద పొక్కులు చక్కగా లేచాయి. ఆ సంతోషంలో ఉండగానే ఊరి చివరి ఇంటివాళ్ళు తిరిగొచ్చారు. మొగుడు, పెళ్ళాం, సుక్రి అనే చిన్న కూతురు. నేను టీకాలు వేసిన రోజు వాళ్ళు ఊళ్ళో లేరు, ఎగువన చుట్టాల ఊరికి వెళ్ళారు. రావడమే ఒళ్ళు కాలిపోతూ వచ్చారు. రెండో రోజుకి మొగుడి ముఖం మీద కనిపించింది. అక్క వచ్చేసింది.

బుద్రన్న ఆ ఇంటి ముందు తోరణం కట్టాడు. తోరణం దగ్గర అంబలి కుండ పెట్టారు. లోపల ఉన్నవాళ్ళలో దాన్ని అందుకోవడానికి లేచేవాళ్ళు లేరు. మామూలుగా అయితే పూర్వం అమ్మవారు పోసి బతికినవాళ్ళు వెళ్ళి నీళ్ళు పోస్తారు. ఇప్పుడు వాళ్ళ చేతుల మీదా చెల్లి కూర్చుని ఉంది. కూర్చోబెట్టింది నేనే. ఖర్చు లేదనుకున్న షరతు వెల అప్పుడు తెలిసింది.

నేను లేచి తోరణం వైపు నడిచాను. చిన్నప్పుడే టీకా పడిన నాకు రోగం రాదు, అందులో ధైర్యం ఏమీ లేదు. బుద్రన్న అడ్డం వచ్చాడు.

"సెల్లిని తెచ్చినోడివి నివ్వు. నివ్వే అక్క కాడికెల్తే ఊరు మిగలదు. నివ్వు దాటితే మా సేతులన్నీ గీకేసి కాల్చేత్తాం. పిల్లలయ్యి కూడా."

బెదిరింపు కాదది. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. లేచిన పొక్కులు గీకి కాలిస్తే పిల్లల చేతులు కుళ్ళిపోతాయి, కొందరు దక్కరు. ఒక వైపు ఊరి పిల్లలు, ఒక వైపు ఆ ముగ్గురు. తక్కెడ పట్టడం రానివాణ్ణని మా నాన్న ఊరికే అనలేదు. అక్కడే నిలబడిపోయాను.

మధ్యాహ్నం ఎండలో సుక్రి గుమ్మం దాకా పాక్కుంటూ వచ్చింది. కుండ కనిపిస్తోంది, చెయ్యి అందడం లేదు. మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచింది.

"బుద్రన్న మావా... దావఁ..."

దాహమంటోంది. బుద్రన్న గోడవైపు తిరిగాడు. ఆ పిల్ల కాస్త ఆగి పక్కింటివాళ్ళని పిలిచింది. తరవాత వాళ్ళ పక్కవాళ్ళని. ఎవరి పేరు వస్తే ఆ ఇంట్లో అలికిడి ఆగిపోయేది. మనుషులు తమ పేరు తమకి కాదన్నట్టు కూర్చోవడం ఎంత కష్టమో ఆ పూట చూశాను. రాతిగుండెల వాళ్ళు కారు, చేతుల్లో పిల్లలున్నవాళ్ళు.

"గురుబారత్తా..."

అటక మీంచి నిచ్చెన దిగిన చప్పుడు అయింది.

గురుబారి ఆనపకాయ బుర్ర నిండా చోడంబలి పోసుకుని బయటికొచ్చింది. చేతులు ఎంత వణుకుతున్నాయంటే సగం అంబలి ఆమె చీర మీదే ఉంది. పైగా ఆ ఇంటావిడతో ఆమెకి మాటల్లేవు. సరిహద్దులో ఉన్న పనసచెట్టు దగ్గర దెబ్బలాడుకుని ఏడాది అయింది.

"నాను ఎల్తాను. నా కాడ సెల్లి లేదు గదా," అంది.

లెక్క నాకు ఒక్కడికే అర్థమైంది. ఆ ఇంట్లోకి వెళ్ళడానికి ఊరి కట్టుబాటు ఒప్పుకునే మనిషి ఒక్కతే ఉంది. ఆ రోగానికి చచ్చిపోగల మనిషి కూడా ఆమె ఒక్కతే.

నా బేరం, ఆమె బేరం

"బుద్రన్నా, ఒక మాట," అన్నాను. దుకాణం నాలుక దాని పని అది చేసుకుపోయింది. "చెల్లి ఎప్పుడు వచ్చినట్టు? సూది పడ్డప్పుడా, పొక్కు లేచినప్పుడా?"

"పొక్కు లేసినప్పుడే. అప్పుడే గదా అగుపిత్తాది."

"మరి సూది పడ్డ రోజు?"

ఆలోచించాడు. "కబురెట్టినట్టు."

"కబురు పెట్టగానే చుట్టం ఇంట్లో ఉన్నట్టా?"

"కాదు. దార్లో ఉన్నట్టు."

"అయితే గురుబారికి ఇప్పుడే సూది వేస్తాను. కబురు పెడతాను, అంతే. పొక్కు లేచేదాకా ఆమె ఆ ఇంట్లో ఉండొచ్చు."

బుద్రన్న నన్ను ఎగాదిగా చూశాడు. "నివ్వు ఉప్పు కొట్టులో కూకునుంటే మా కొండ కూడా మాకే అమ్మేద్దువు బావూ. సరే. పొక్కు లేసిన పూటే బయటికొచ్చేయాల."

ఈసారి ఖర్చున్న షరతని తెలిసే ఒప్పుకున్నాను. పొక్కు లేచేది మూడో నాలుగో రోజున. రోగం అంత త్వరగా వదలదు. కానీ ముందు ఆమె ప్రాణం నిలబడాలి. రోగం అంటే రోజునే టీకా పడినా రోగం కన్నా అదే ముందు పనిచేస్తుందని, ప్రాణం నిలబడుతుందని నాకు తెలుసు.

గురుబారి బుర్ర కింద పెట్టి వెనక్కి నడిచింది.

"సూదా? ఒలమ్మో! ఆ ఇంటికెల్తానన్నాను గానీ సూదికొత్తానన్నానా?"

"సూది లేకుండా వెళితే చచ్చిపోతావమ్మా!"

"సత్తే సత్తాను. పొడిపించుకోను."

అలాంటి పూట కూడా ఎవరో ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. నేను బతిమాలాను, నొప్పి ఉండదన్నాను. అందరికీ చెప్పే మాటే అది. ఆమె నా పెట్టెకేసి చూసి, "నొప్పి లేదా? అయితే ముందు నివ్వు పొడుసుకో," అంది.

ఎన్ని వందల చేతులు పొడిచానో గానీ నా చెయ్యి ఎప్పుడూ నాకు గుర్తురాలేదు. అందరి ముందూ చొక్కా మడిచి సూది పెట్టుకున్నాను. "అబ్బా!" అని పైకే అరిచాను.

"సూసారా, సూసారా! మగోడే ఏడుత్తన్నాడు!" అని గురుబారి ఊరందరికీ చూపించింది. చూపిస్తూనే నా ముందు కూర్చుని, ఒక చేత్తో కళ్ళు మూసుకుని రెండో చెయ్యి చాపింది.

మణికట్టు పట్టుకున్నాను, పక్కన ఒక మనిషి ఉన్నాడని తెలిసేలా. నాలుగు గాట్లు పడేదాకా వణికింది. ముక్కు చీదుకుంది, నాకు అర్థంకాని ఒరియా మాటతో నన్ను తిట్టింది, బుర్ర తీసుకుంది, తోరణం కింద నుంచి వంగి వెళ్ళింది. అప్పటికీ ఏడుస్తూనే ఉంది.

కుర్రాళ్ళు జాగ్రత్తగా వినాలి. భయం తగ్గాక వెళ్ళిందనుకోకండి. వణుకుతున్న కాళ్ళతోనే ఆ గుమ్మం తొక్కింది.

పొక్కు లేచిన పూట

మొగుడు దక్కలేదు. గురుబారి ఒక్కతే అతన్ని దుప్పటిలో చుట్టి గుమ్మం దాకా లాక్కొచ్చింది. మగవాళ్ళు అడ్డతీగ విసిరితే ఆమె ముడివేసింది, వాళ్ళు దూరం నుంచే లాక్కెళ్ళారు. సుక్రి, తల్లి మాత్రం నీళ్ళు తాగుతున్నారని, అంబలి నిలుస్తోందని రోజూ గుమ్మంలోంచి కేకేసి చెప్పేది. ఇంట్లో బల్లులున్నాయని కూడా కేకేసేది.

ఒక పొద్దున గుమ్మంలోకి వచ్చి చెయ్యి పైకెత్తి చూపించింది. పమిట కప్పుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. కప్పుకోలేదు.

"బుద్రన్నా, సెల్లొచ్చేసింది."

"అయితే బేగి బయటికి రా."

"రాను."

"రావేటి? మాటన్నాక మాటే గదా!"

"ఆ అక్కా సెల్లీ లోపల మాటాడుకుంతన్నారు మరి, మద్దిలో లేసి ఎలగ రాను?" అంది గురుబారి. "పనసకాయ కాడ దీనితో దెబ్బలాడి ఏడాదయింది. ఇప్పుడు దీని తల నా ఒళ్ళో ఉంది. మా ఇద్దరికే లేని పగ ఆ అక్కసెల్లెళ్ళకుంటాదేటి?"

నా జన్మలో అంత మంచి బేరం వినలేదు, పుట్టింది దుకాణం ఇంట్లో అయినా. బుద్రన్న భార్య, అటక కింద నిలబడి ఎగతాళి చేసిన ఆవిడే, చేతి మీద పొక్కుతో లేచి వెళ్ళి అంబలి కుండ ఎత్తింది. తోరణం దగ్గర ఒక్క క్షణం ఆగింది. వంగి లోపలికి వెళ్ళింది. ఆమె వెనక ఇంకొకరు. సాయంత్రానికి తోరణం కట్టిన తీగ ఎవరి భుజం తగిలో తెగిపోయి దారిలో పడి ఉంది. దాన్ని మళ్ళీ కట్టమని బుద్రన్న అనలేదు.

తల్లీ కూతురూ బతికారు. ఊళ్ళో ఇంకెవరికీ రాలేదు.

గెడ్డ తీశాక బయలుదేరుతూ గురుబారిని అడిగాను. ఎందుకు వెళ్ళావని.

"పేరెట్టి పిలిసింది గదా."

"అందర్నీ పిలిచింది కదమ్మా."

"అందరి సంగతీ నాకేటి తెలుసు బావూ? ఆళ్ళమ్మతో మాటల్లేవు గదా, నా ఇల్లు ఒగ్గేసి పక్కింటికి ఎల్లిపోతాదనుకున్నాను. ఒగ్గలేదు ఆ గుంట."

ఆ తరవాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ సాహసం చేసినవాళ్ళు ఎవరు కనిపించినా ఇదే అడిగాను. ఒక్కరూ పెద్ద జవాబు చెప్పలేదు. దగ్గర్లో ఉన్నాను అంటారు. చేతిలో తాడుంది అంటారు. నా వైపు చూశాడు అంటారు. నాకు అర్థమైంది ఇంతే. మనిషి ధైర్యం మూటగట్టి ఇంట్లో దాచుకోడు. తనని కూడా లెక్కలో వేసుకుని ఎవరో పిలిస్తే, పలకడానికి లేస్తాడు. లేచాక దాని పేరు ధైర్యం. అందుకని మీరు కొత్త ఊరికి వెళితే ఛాతీలు వెతక్కండి. పేర్లు అడగండి. అటకెక్కినవాళ్ళ పేర్లు ముందు అడగండి.

చాలా ఏళ్ళ తరవాత అరకు సంతలో సుక్రి కనిపించింది. ముఖం నిండా మచ్చలు, నోటి నిండా నవ్వు, ముందు చింతపండు రాశి. నా పెట్టె చూడగానే ఆమె వెనక ఉన్న ఒక ముసలావిడ గబుక్కున ఆడవాళ్ళ గుంపులోకి దూరిపోయింది.

"గురుబారీ!" అని పిలిచాను.

గుంపు విడింది. కళ్ళు గట్టిగా మూసుకుని, చెయ్యి ముందుకి చాపి, వణుకుతూ వచ్చి నా ముందు నిలబడింది. "బేగి పొడిసేయి," అంది.

"పొడవడానికి కాదమ్మా."

ఒక కన్ను తెరిచింది. "మరెందుకు పిలిసావు?"

"దణ్ణం పెడదామని."

"దానికి పేరెట్టి పిలుత్తారేటి! గుండాగిపోనాది నాకు!" అని సంత అంతా వినేలా నన్ను తిట్టిపోసింది. సుక్రి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. చాపిన చెయ్యి మాత్రం ఇంకా అలాగే ఉంది, దాని మీద నా నాలుగు పాత మచ్చలు. ఆ చేతికే దణ్ణం పెట్టాను. అయినా పుట్టిన బుద్ధి ఎక్కడికి పోతుంది, "ఎలాగూ చెయ్యి చాపావు, టీకా వేసి చాలా ఏళ్ళయింది కదా..." అన్నాను.

మాట పూర్తి కాకముందే చింతపండు రాశుల అవతల ఉంది. ఆ పరుగు కేసి ఇంకోసారి దణ్ణం పెట్టాను.